మెడికల్ షాపు దగ్గర మనకెందుకు నోరు పెగలదు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. పూర్వ విద్యార్థి రాసే వ్యాసమంటే "కష్టపడి చదవండి, కన్నవాళ్ల పేరు నిలబెట్టండి" అని ఉంటుందని మీకు తెలుసు. ఆ మాట చెప్పడానికి వార్డెన్ సార్ ఉన్నారు, సభకు వచ్చే ముఖ్య అతిథులు ఉన్నారు. నేను ఇదే హాస్టల్లో ఉండి చదువుకుని, బి.ఫార్మసీ పూర్తి చేసి ఇప్పుడు ఎం.ఫార్మసీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది నేనే మొదలు. ఈ చదువులో మనవాళ్లకు రేపటి నుంచే పనికొచ్చే ముక్క ఏదన్నా ఉందా అని ఆలోచిస్తే నాకు మెడికల్ షాపు గుర్తొచ్చింది.

జబ్బు చేస్తే మనలో ఎంతమంది ముందుగా డాక్టరు దగ్గరికి పోతాం? ఊళ్లో అయితే ఆర్.ఎం.పి. అని మనం పిలుచుకునే ఆయన దగ్గరికి, పట్నంలో అయితే సందు చివర మెడికల్ షాపుకు పోతాం. పెద్ద దవాఖానకు పోతే అమ్మకు ఒక రోజు కూలి పోతుంది. బస్సు కిరాయి, ఓ.పి. చీటీ లైను, పరీక్షలకు ఇంకో రోజు. "సొంత వైద్యం ప్రమాదకరం, వైద్యుని సంప్రదించండి" అని పేపర్లలో రాసేవాళ్లు మంచి మనసుతోనే రాస్తారు. కానీ జలుబుకూ, తలనొప్పికీ, కడుపులో మంటకూ ఒక రోజు కూలి వదులుకొమ్మని కూలి మనిషికి చెప్పడం ఏం న్యాయం? చిన్న జబ్బులకు సొంతంగా మందు వేసుకోవడం నేరం కాదని నా అభిప్రాయం. ఎవరి సలహా లేకుండా, ఏం మింగుతున్నామో తెలియకుండా మింగడమే ప్రమాదం.

మెడికల్ షాపే మన మొదటి దవాఖాన అయినప్పుడు, అక్కడ చదువుకున్న మనిషి ఉండాలి. ఆ మనిషి మనతో మాట్లాడాలి. ఇప్పుడు కౌంటరు దగ్గర జరిగే సంభాషణ ఇంతే:

"అన్నా, జరం గోలీలియ్యి."

"ఎన్ని పూటలకు?"

"రెండు పూటలకు."

చేతిలో ఒక పొట్లం పడుతుంది. స్ట్రిప్పుల నుంచి కత్తిరించి, విడగొట్టి కలిపిన గోలీలు. అందులో పారాసిటమాల్ ఉంటుంది, ఒక నొప్పి గోలీ ఉంటుంది, నిద్ర తెప్పించే జలుబు గోలీ, ఒక గ్యాసు గోలీ ఉంటాయి. చాలాసార్లు ఒక యాంటీబయాటిక్ ఉంటుంది. కొన్నిసార్లు చిన్న స్టెరాయిడ్ గోలీ కూడా ఉంటుంది. స్టెరాయిడ్ పడితే నొప్పీ జ్వరమూ ఒక్క పూటలో దిగినట్టు కనిపిస్తాయి. మనం దాన్ని హస్తవాసి అంటాం. "ఆయన చెయ్యి మంచిది" అని పది మందికి చెప్తాం. లోపలి రోగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రేపు ముదిరి పెద్ద దవాఖానకు పోతే డాక్టరు "ఇప్పటిదాకా ఏం మందులు వాడారు?" అని అడుగుతాడు. "తెల్లవి రెండు, పచ్చది ఒకటి సారూ" అని చెప్తాం. ఆ జవాబుతో డాక్టరు ఏం చేయగలడు?

మరి చట్టం ఏమంటోంది? 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు మాత్రమే. 2015లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఫార్మసీ ప్రాక్టీసు రెగ్యులేషన్లు తెచ్చింది. మందు ఎంత మోతాదులో, ఎన్ని రోజులు, ఎలా వాడాలో, ఏ ఇబ్బందులు రావచ్చో, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలో, ఎలా దాచుకోవాలో రోగికి వివరించడం ఫార్మసిస్టు పని అని వాటిలో స్పష్టంగా ఉంది. తెల్ల కోటు వేసుకుని, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలని కూడా ఉంది. మీ వీధిలోని షాపులో అలాంటి కోటు ఎప్పుడైనా చూశారా? గోడ మీద లైసెన్సు పక్కన ఫార్మసిస్టు పేరు ఉంటుంది. ఆ పేరుగల మనిషిని మాత్రం ఎవరూ చూసి ఉండరు. సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, మనిషి హైదరాబాదులో ఏదో కంపెనీలో వేరే ఉద్యోగం చేసుకుంటాడు. నెలనెలా అద్దె అందుతుంది. కౌంటరులో ఇంటరు తప్పిన పిల్లవాడు రెండేళ్లు పెట్టెలు సర్ది సర్ది పేర్లు నేర్చుకుని మందులిస్తుంటాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు, వాడూ మన ఇళ్లలోంచి వచ్చినవాడే.

నాకు కోపం వచ్చేది సర్టిఫికెట్ అద్దెకిచ్చేవాళ్ల మీద. నా తోటివాళ్లలో కూడా ఇచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదన నాకు తెలుసు: షాపులో రోజంతా నిలబడితే వచ్చే జీతం మేస్త్రీ కూలి కన్నా తక్కువ, ఇంటి దగ్గర అప్పుంది, కాగితం ఊరికే పెట్టెలో పడి ఉంటే ఏం లాభం? జీతం తక్కువన్న మాట నిజం. దాని గురించి ఫార్మసిస్టులంతా కలిసి కొట్లాడాలి. కానీ స్కాలర్‌షిప్పు మీద, ప్రభుత్వ హాస్టలు అన్నం మీద చదివి తెచ్చుకున్న పట్టాను గోడకు అద్దెకిస్తే, ఆ గోడ ముందు నిలబడి పొట్లం అందుకునేది ఎవరు? మన అమ్మలే కదా! మన రాష్ట్రంలో ఎంట్రెన్సు పరీక్ష పేరులోనే ఫార్మసీ ఉంది. 2008 నుంచి దేశంలో ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు కూడా నడుస్తోంది. ఇంతమంది చదువుతున్నా, చదివినవాడు మాత్రం కౌంటరు దగ్గర దొరకడు. ఇంగ్లండులో 2024 జనవరి 31 నుంచి గొంతు నొప్పి, చెవి పోటు లాంటి ఏడు జబ్బులకు ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అక్కడికి ఉద్యోగానికి పోయిన మన తెలుగు ఫార్మసీ పిల్లలు అక్కడ కౌంటరు దగ్గర కూర్చుని రోగితో మాట్లాడతారు. ఇక్కడ అదే పని చేస్తే ఓనరు "లైను ఆగిపోతోంది" అంటాడు.

ఇక చీటీ లేకుండా ఏ మందు కొనవచ్చు అన్న ప్రశ్న. మన దేశంలో "ఇవి నేరుగా కొనుక్కోవచ్చు" అని చట్టం విడిగా రాసిన పట్టిక లేదు. చీటీ ఉంటేనే ఇవ్వాల్సినవి షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ లలో ఉన్నాయి. వాటిలో లేనివి నేరుగా అమ్ముతారు. షెడ్యూల్ కె అని ఇంకొకటి ఉంది. వెయ్యి లోపు జనాభా ఉన్న పల్లెల్లో పారాసిటమాల్, నొప్పి బాము, కడుపు మంట మందు లాంటి కొన్ని ఇంటి మందులను, విప్పని ప్యాకెట్లలో, లైసెన్సు లేని దుకాణంలోనూ అమ్ముకోనిస్తుంది. కిరాణా కొట్టులో గోలీ దొరకడం వెనుక ఉన్న సంగతి ఇదీ. ఇదంతా గుర్తుపెట్టుకోనక్కర లేదు, స్ట్రిప్పు చూడటం నేర్చుకుంటే చాలు. ఎడమ పక్కన నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా వాడకూడని మందు. 2016లో కేంద్ర ప్రభుత్వం యాంటీబయాటిక్స్ గురించి ఈ ఎర్ర గీతనే ప్రచారం చేసింది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా పరీక్షల ముందు మన హాస్టళ్లలో "మూడు గోలీల కోర్సు" అని చేతులు మారుతూనే ఉంటుంది. రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు ఆ మందుకు లొంగని క్రిములు తయారవుతాయి.

హాస్టలు జబ్బుల్లో గజ్జి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దీనిలో డబ్బూ, పరువూ రెండూ పోతున్నాయి. ఒకడికి వేళ్ల సందుల్లో దురద మొదలవుతుంది. రాత్రిళ్లు ఎక్కువ. సిగ్గుపడి ఎవరికీ చెప్పడు. దాచుకున్న డబ్బుతో ఒక ట్యూబు కొని దురద ఉన్నచోట మాత్రమే రాసుకుంటాడు. తగ్గదు. ఇంకో ట్యూబు కొంటాడు. అక్కడ చదువుకున్న ఫార్మసిస్టు ఉంటే అడిగే మొదటి ప్రశ్న "మీ గదిలో ఎంతమంది ఉంటారు తమ్ముడూ?" అని. గజ్జి పురుగు చర్మంలో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ల కింద, నడుము మడతల్లో కూడా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున కడుక్కోవాలి. వారం పది రోజులకు మళ్లీ ఒకసారి రాయాలి. గదిలో ఉన్నవాళ్లంతా, దురద లేనివాళ్లతో సహా, ఒకే రాత్రి రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేని వాటిని మూటకట్టి కొన్ని రోజులు పక్కన పెట్టాలి. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉండొచ్చు, దానికి భయపడి మళ్లీ మళ్లీ రాయకూడదు. ఇరవై మంది పడుకునే హాలులో ఒకడు ట్యూబు కొనడం ఇరవై చిల్లులున్న కుండలో ఒక చిల్లు మూయడం లాంటిది. గజ్జి మురికివాళ్లకే వస్తుందన్న మాట కూడా తప్పు. ఇరుకులో పక్కపక్కన పడుకునేవాళ్లకు ఎవరికైనా వస్తుంది. ఇరుకు మన తప్పు కాదు.

తామర దీనికి తమ్ముడు లాంటిది, కానీ మందు వేరు. గుండ్రంగా, అంచు ఎర్రగా పాకే మచ్చ. షాపులో ఇచ్చే "అన్నిటికీ ఒకటే" ట్యూబులో తామర మందుతో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, సంబరపడి ఆపేస్తాం. అడుగున బూజు పెరుగుతూనే ఉంటుంది, నెలకు ఒళ్లంతా పాకుతుంది. తొడల సందుల్లో చర్మం పల్చబడి చారలు పడితే ఇక పోవు. ముఖం తెల్లబడుతుందని ఈ ట్యూబులే మొహానికి రాసుకునే మిత్రులున్నారు, దయచేసి మానండి. స్టెరాయిడ్ పూత మందులను 2018లో షెడ్యూల్ హెచ్ లోకి తెచ్చారు. అయినా చీటీ అడిగే షాపు నాకు అరుదుగా కనిపించింది.

జ్వరం వస్తే పారాసిటమాల్ మంచి మందే. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, అంటే 650 గోలీలు ఆరుకు మించకూడదు. జలుబు గోలీలో కూడా చాలాసార్లు పారాసిటమాల్ ఉంటుంది. పేరు వేరని రెండూ వేసుకుంటే లెక్క దాటి కాలేయం దెబ్బతింటుంది. వానాకాలంలో జ్వరమొస్తే డెంగీ కావచ్చు కాబట్టి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టవద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. డెంగీలో జ్వరం దిగిన రోజే అసలు జాగ్రత్త. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు కనిపిస్తే మెడికల్ షాపు కాదు, 108కి ఫోను చేయాలి. ఇంటి దగ్గర తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నవాళ్లకు ఇంకొక మాట: నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే నిషేధించారు.

ఆడపిల్లల హాస్టళ్ల సంగతి నేను రాయడం కన్నా వాళ్లు రాస్తేనే బాగుంటుంది. నాకు తెలిసినంతలో, నలుగురు మగవాళ్లు నిలబడిన కౌంటరు దగ్గర నెలసరి నొప్పికి గోలీ అడగలేక, ఎవరో ఇచ్చింది ఖాళీ కడుపుతో మింగి, తర్వాత కడుపు మంటతో బాధపడే చెల్లెళ్లు ఉన్నారు. పక్కకు పిలిచి మాట్లాడే ఒక చిన్న బల్ల షాపులో ఉంటే ఎంత బాగుంటుంది!

"చదువురాని మనవాళ్లకు సలహా చెప్తే అర్థమవుతుందా?" అని కొందరు పెద్ద చదువులవాళ్లే అంటారు. వాళ్లకు ఓ.ఆర్.ఎస్. కథ చెప్పాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బెంగాలు సరిహద్దులో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. వందకు ముప్పై మంది దాకా చనిపోతున్న చోట చావులు నాలుగుకు లోపు దిగాయి. తాగించినవాళ్లు డాక్టర్లు కాదు, నర్సులు కాదు. అన్నీ పోగొట్టుకుని వచ్చిన అమ్మలూ నాన్నలూ. ఎంత, ఎలా తాగించాలో వాళ్లకు ఒకరు చెప్పారు. అంతే తేడా. ఆయన 2022లో కన్నుమూశాక, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

అదే ఓ.ఆర్.ఎస్.కు మన షాపుల్లో ఏం గతి పట్టిందో చూడండి. విరేచనాలవుతున్న పిల్లవాడికి ఓ.ఆర్.ఎస్. అడిగితే, ఆ మూడక్షరాలు పేరులో పెట్టుకున్న చక్కెర పానీయం డబ్బా చేతిలో పెట్టేవారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద సుమారు ఎనిమిదేళ్లు ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అని వాడకూడదని ఆదేశించింది. ఆ డాక్టరమ్మకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ నన్ను వేధించే ప్రశ్న ఒకటుంది. అన్నేళ్లలో అన్ని డబ్బాలు అమ్ముడుపోయిన అన్ని కౌంటర్ల దగ్గర "అమ్మా, ఇది అసలు ఓ.ఆర్.ఎస్. కాదు, ఆ పొడి ప్యాకెట్టు తీసుకో" అనడానికి ఎంతసేపు పడుతుంది? అసలు పొడి కొన్నా ఇంకో మాట చెప్పాలి. లీటరు నీళ్లకు కలిపే పెద్ద ప్యాకెట్టూ, ఒక గ్లాసుకు కలిపే చిన్న ప్యాకెట్టూ రెండూ దొరుకుతాయి. పెద్దదాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లవాడికి ముప్పు. కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, ఒక రోజు దాటితే పారబోయాలి.

షాపు వాళ్ల వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది: "మాది వ్యాపారం, సలహాకు ఎవడూ రూపాయి ఇవ్వడు." ఇది కాదనలేని మాట. ఇంకో వైపు నుంచి కూడా భయం ఉంది: అమ్మేవాడికే సలహా చెప్పే అధికారమిస్తే అక్కర లేనివి అంటగట్టడా? అంటగట్టే అవకాశం ఉంది. కానీ ఇప్పుడు నోరు మూసుకునే అంటగడుతున్నాడు కదా! పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఛాతీ మీద పెట్టుకుని చెప్పిన మాటకు రేపు జవాబుదారీ ఉంటుంది. పేరు లేని పొట్లానికి ఎవరు జవాబు చెప్తారు?

మరి మనం ఎందుకు అడగం? కారులోంచి దిగినాయన "ఇది దేనికి, తిన్నాక వేసుకోవాలా?" అని అడిగితే అదే షాపాయన ఓపికగా చెప్తాడు. మనం ముడుచుకుని నిలబడి, ఇచ్చింది తీసుకుని, చిల్లర లెక్కపెట్టుకోకుండా వచ్చేస్తాం. అడిగితే కసురుకుంటాడని భయం. ఈ భయం మందుల షాపులో పుట్టింది కాదు. ఊళ్లో తరతరాలుగా దూరంగా నిలబెట్టి మనకు నేర్పిన భయం. పుస్తకాలు పట్టిన మనకు కూడా ఇంకా అది ఒంట్లోనే ఉంది. కాబట్టి ముందు మనం అడగడం మొదలుపెట్టాలి. "ఫార్మసిస్టు ఎవరన్నా?" అని అడగండి. విడి గోలీలు వద్దు, పేరున్న స్ట్రిప్పు ముక్క ఇవ్వమనండి. పేరూ తేదీ ఉన్న కొసను కత్తిరించి పారేయనీయకండి. ఎన్ని రోజులు, తిన్నాకా తినకముందా, ఎన్ని రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి అని అడగండి. బిల్లు అడగండి. చదువురాని అమ్మకు తెచ్చేటప్పుడు కవరు మీద పొద్దు బొమ్మ, చందమామ బొమ్మ గీయించండి. మీరే గీసినా సరే. అమ్మ బీపీ గోలీని రంగు చూసి గుర్తుపడుతుంది. కంపెనీ మారితే రంగు మారుతుంది, పాతదీ కొత్తదీ రెండూ మింగేస్తుంది. అది కూడా ఒకసారి చూసుకోండి.

గురుకులాల్లో స్టాఫ్ నర్సు ఉంటారు. మన హాస్టల్లో అర్ధరాత్రి జ్వరమొస్తే పక్క మంచం వాడే నర్సు, వాడి ట్రంకు పెట్టెలోని పాత గోలీయే మందు. సంక్షేమ శాఖ ప్రతి హాస్టలుకూ నెలకోసారైనా ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టును పంపాలని, మందుల పెట్టెకు రిజిస్టరు పెట్టాలని మన విద్యార్థి కమిటీ వినతిపత్రం రాస్తే మొదటి సంతకం నాది. అది మంజూరయ్యేదాకా ఆగనక్కర లేదు. మా ఎం.ఫార్మసీ క్లాసులో నలుగురం నెలకో ఆదివారం రావడానికి ఒప్పుకున్నాం, వార్డెన్ సార్‌ను కూడా అడిగాం. మెస్ హాలులో టిఫిను అయ్యాక కూర్చుందాం. మీ పెట్టెల్లో ఉన్న పాత గోలీలు, సగం వాడిన ట్యూబులు అన్నీ సంచిలో వేసుకుని రండి. గజ్జి ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా ముందు వరుసలో కూర్చోండి, ఆ రోజు మొత్తం గదికీ కలిపి లెక్కేసి క్రీము తెప్పిద్దాం.